మాత్ర బిచ్చం కాదు, మా హక్కు

అమెరికా అధ్యక్షుడు ట్రంపు 2025 జనవరి 20న గద్దె ఎక్కిన రోజే ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. పరాయి దేశాలకు అమెరికా ఇచ్చే సహాయాన్ని 90 రోజులు నిలిపేస్తున్నామని దాని సారాంశం. నాలుగు రోజులు తిరక్కుండానే, జనవరి 24న, ఎక్కడి పని అక్కడ ఆపేయమని ఉత్తర్వులు పోయినాయి. ఆ నెల దాటకముందే మన హైదరాబాదు నారాయణగూడలోని మిత్ర్ క్లినిక్కుకు తాళం పడింది. 2021లో మొదలైన ఆ క్లినిక్కు ఈ దేశంలో హిజ్రాల కోసం, ట్రాన్స్‌జెండర్ల కోసం పెట్టిన మొదటి ఆసుపత్రి. హెచ్.ఐ.వి. పరీక్ష, మందు, మంచీ చెడూ చెప్పే మనిషి, అన్నీ అక్కడే దొరికేవి. పూనాలో, థానే దగ్గర కళ్యాణ్‌లో ఇట్లాంటివే ఇంకో రెండు మూతపడినాయి. మూడు చోట్లా కలిపి సుమారు 5,000 మంది ఆ తలుపులు తట్టి బతికినవాళ్ళే.

సంతకం పెట్టినవాడికి నారాయణగూడ ఎక్కడుందో తెలియదు. తాళం పడినవాళ్ళకు ఆ సంతకం ఎందుకు పడిందో తెలియదు. పేదవాడి ప్రాణం ఎప్పుడూ ఇట్లాగే వాడు చూడని ఊర్లో, వాడికి రాని భాషలో తీర్మానమైపోతుంది.

మా కదిరి తట్టు, కళ్యాణదుర్గం తట్టు గేరీల్లో వుండే అన్నలూ అక్కలూ ఒక మాట అడగొచ్చు. "అమెరికావాడు దుడ్డు ఆపితే మనకేమైతుందబ్బా? మన మాత్రలు మన పెద్దాసుపత్రిలో ఇస్తా వున్నారు గదా?" అని. ఈ ప్రశ్న న్యాయమైనది. దీనికి సూటిగా జవాబు చెప్పడం ఈ పత్రిక బాధ్యత.

మొదట అందరూ గట్టిగా గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి. మన దేశంలో ఎ.ఆర్.టి. సెంటర్లలో ఇచ్చే మాత్రల కార్యక్రమం ప్రధానంగా మన ప్రభుత్వం సొమ్ముతోనే నడుస్తున్నది. ఆ సొమ్ము ఢిల్లీవాళ్ళ సొంతం కాదు. అగ్గిపెట్టె కొన్నా, సబ్బు కొన్నా, పిల్లోడికి చెప్పులు కొన్నా మనం కట్టే పన్ను అది. 2004 ఏప్రిల్ 1 నుండి ఈ మందు ఉచితంగా ఇస్తున్నారు. మొదలుపెట్టిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కాబట్టి అమెరికాలో ఏదో అయిందని విని ఎవరూ మాత్ర మానొద్దు. ఒక్క పూట కూడా మానొద్దు. రోజూ మింగితే రక్తంలో వైరస్ అణిగిపోతుంది. పరీక్షకు దొరకనంతగా అణిగితే సంసారంలో మొగుడి నుండి పెండ్లానికి గానీ, పెండ్లాం నుండి మొగుడికి గానీ సోకదు. కడుపుతో వున్న తల్లి మందు తీసుకుంటే బిడ్డకు రాకుండా కాపాడవచ్చు. మధ్యలో మానితే మాత్రం వైరస్ మందుకు లొంగకుండా మొండికెత్తవచ్చు. అప్పుడు పాత మాత్ర పని చేయకపోవచ్చు.

మరి మాత్ర ఆగనప్పుడు గొడవ ఎందుకు? మాత్ర మనిషి దాకా దానంతట అది నడిచి రాదు కాబట్టి. బేల్దారి పనికి బెంగుళూరు పోయి జ్వరంతో తిరిగొచ్చినవాణ్ణి "రాప్పా, ఒక తూరి రక్తం చూపిద్దాం" అని చెయ్యి పట్టుకొని తీసుకపోయే మనిషి కావాల. ఎవరికీ చెప్పుకోలేని ఆడమనిషికి ధైర్యం చెప్పే ఇంకో ఆడమనిషి కావాల. మాత్రలు తీసుకుపోను నెలరోజులుగా రానివాడు ఏమైనాడో కనుక్కునే మనిషి కావాల. పెద్ద డాక్టరు ఈ పని చేయడు. ఈ పని చేసేది అవుట్‌రీచ్ వర్కర్లు, లింక్ వర్కర్లు, ఆ రోగంతోనే బతుకుతూ తోటివాళ్ళకు దారి చూపేవాళ్ళు. జీతం తక్కువ, నమ్మకం ఎక్కువ వుండే కొలువు అది. ఏ దేశంలో చూసినా ఎక్కువ భాగం పరాయి దుడ్డు మీదో, కాంట్రాక్టు మీదో నడుస్తున్నది ఈ కొలువే. కోత పడినప్పుడు మొదట తెగేదీ ఇదే.

దక్షిణాఫ్రికాను చూడండి. ప్రపంచంలో హెచ్.ఐ.వి.తో బతికేవాళ్ళు అందరికన్నా ఎక్కువ వుండే దేశం అది. సుమారు 80 లక్షలమంది. ఆ దేశం కూడా మన మాదిరే మాత్రలు చాలావరకు సొంత బడ్జెట్టుతో కొంటుంది. అమెరికా ఇచ్చేది వాళ్ళ మొత్తం ఎయిడ్సు ఖర్చులో సుమారు 17 శాతం. అంతే గదా అనిపిస్తుంది. అయినా 2025లో ఆ 17 శాతం తెగేసరికి వేలమంది నర్సులు, కార్యకర్తలు, పరీక్షలు చేసేవాళ్ళు రోడ్డున పడినారు. మందు గోదాములో వుంది, తీసుకొచ్చే మనిషి లేడు. బాయిలో నీళ్ళుండీ చేంతాడు తెగిపోతే ఎట్లా వుంటుందో కరువు సీమలో వుండే మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంక అమెరికా దుడ్డు మీదే పూర్తిగా ఆధారపడిన ఆఫ్రికా బీద దేశాల గతి ఏమిటి? 2003లో అప్పటి అధ్యక్షుడు బుష్ మొదలుపెట్టిన పెప్ఫార్ అనే కార్యక్రమం కింద 2 కోట్లకు పైగా జనం మందు తీసుకుంటున్నారు. ఆ దుడ్డు పూర్తిగా పోతే, దాని స్థానంలో ఇంకేదీ రాకపోతే, 2029 నాటికి అదనంగా 60 లక్షలమందికి కొత్తగా సోకుతుందనీ, అదనంగా 40 లక్షలమంది చచ్చిపోతారనీ ఐక్యరాజ్య సమితి ఎయిడ్సు విభాగం 2025 జులైలో లెక్క కట్టింది. 2025 ఫిబ్రవరిలో కొంత సడలింపు ఇచ్చినామన్నారు. అందులోనూ సోకకుండా ముందే వేసుకునే మందును గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ తప్ప మిగతావాళ్ళకు ఇవ్వడానికి లేదన్నారు. అంటే సెక్స్ వర్కర్లు, హిజ్రాలు, మగవాళ్ళతో వుండే మగవాళ్ళు చస్తే చావనీ అని అర్థం. ప్రాణాలకు తరతమాలు పెట్టడం మనువు దగ్గర చూసినాం. ఇప్పుడు వాషింగ్టన్‌లో చూస్తున్నాం.

ఇందులో తెలుగువాళ్ళకు ఇంకో సంబంధం వుంది. ఆఫ్రికాలో కూలితల్లి మింగే మాత్ర తయారయ్యేది చాలావరకు మన దేశపు ఫ్యాక్టరీల్లో. అందులో హైదరాబాదు అరబిందో, హెటిరో కంపెనీలు పెద్దవి. 1970 పేటెంటు చట్టం మందు మీద గుత్తాధిపత్యం ఒప్పుకోలేదు గనుకనే మన కంపెనీలు చవకగా తయారు చేయగలిగినాయి. పడమటి కంపెనీలు ఏడాదికి 10,000 డాలర్లకు పైగా గుంజుతున్న మందును 2001 ఫిబ్రవరిలో బొంబాయి సిప్లా కంపెనీ 350 డాలర్లకు ఇస్తానన్నది. ఆ ధర తెచ్చింది కంపెనీల దయ ఒక్కటే కాదు. దక్షిణాఫ్రికాలో ట్రీట్‌మెంట్ యాక్షన్ క్యాంపెయిన్ పేరుతో 1998 నుండి వీధుల్లో నిలబడిన నల్లజాతి ఆడవాళ్ళు, మన దేశంలో, అమెరికాలో కోర్టులకూ రోడ్లకూ ఎక్కిన రోగులు ఆ ధరను కిందికి లాగినారు.

మన కొండకు వద్దాం. అనంతపురం పీఠభూమి అంటే కరువు. జిల్లాను 2022 ఏప్రిల్‌లో రెండుగా చీల్చి శ్రీ సత్యసాయి జిల్లా అని ఇంకో పేరు పెట్టినా కరువు మాత్రం రెండు తట్లా ఒకటే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల లెక్కన పడే వాన. అది కూడా అదునుకు పడదు. శెనక్కాయ వేస్తే ఊడ దిగే టయానికి మొగం చాటేస్తుంది. భూమి వున్న రెడ్డికి బోరు ఎండితే అప్పు. భూమి లేని మాదిగకు, మాలకు పని ఎండితే వలస. మగోడు బెంగుళూరు కాంక్రీటు పనికి పోతాడు. ఆడమనిషి పిల్లల్ని ముసిలోళ్ళకు వదిలి కేరళకో, బెంగుళూరుకో పోతుంది. కదిరి చుట్టుపక్కల మండలాల నుండి పని ఇప్పిస్తామని, పెండ్లి చేస్తామని నమ్మించి ఆడపిల్లల్ని ఢిల్లీ, బొంబాయి, పూనా కంపెనీ ఇండ్లకు అమ్మిన కథ ఈ సీమలో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. పడమట బళ్ళారి సరిహద్దు ఊర్లలో దేవుడి పేరు చెప్పి మన ఆడపిల్లల్ని బసివినులుగా వదిలిన కథ ఇంకా పాతది. 1988లో దాన్ని నిషేధిస్తూ రాష్ట్రం చట్టం తెచ్చింది. దేవుడికి వదిలిన పిల్ల ఎప్పుడూ ఊరి పెద్దకులం పిల్ల కాదు. మన గేరి పిల్లే.

అందుకే హెచ్.ఐ.వి. మన ఊర్లకు ఎవరి పాపం వల్లనో రాలేదు. వాన లేని చోటికి, భూమి లేని ఇంటికి, కులం కాళ్ళ కింద వున్న వాడకు దారి వెతుక్కుంటూ వచ్చింది. దేశంలో హెచ్.ఐ.వి.తో బతుకుతున్నవాళ్ళు 25 లక్షలకు పైనే. మహారాష్ట్ర తర్వాత ఎక్కువమంది వుండేది మన ఆంధ్రప్రదేశ్‌లోనే, మూడు లక్షలకు పైగా. సర్కారు అచ్చువేసే అంచనాల్లో రాష్ట్రం వుంటుంది, వయసు వుంటుంది, ఆడా మగా వుంటుంది. కులం గడి మాత్రం కనపడదు. బడిలో, రేషను కార్డులో, తాసిల్దారు సర్టిఫికెట్టులో వదలకుండా రాసే కులం, చచ్చేవాళ్ళ లెక్క దగ్గరికొచ్చేసరికి ఎందుకు మాయమైపోతుంది?

ఆ లెక్కల్లో కులం లేకపోయినా పేర్లు మాత్రం పెట్టినారు. సెక్స్ వర్కర్లు, హిజ్రాలు "హై రిస్క్ గ్రూపు". వలస కూలీలు, లారీ డ్రైవర్లు "బ్రిడ్జి పాపులేషన్". అంటే వంతెన జనం. బెంగుళూరులో అపార్టుమెంట్లు కట్టింది మా చేతులు, రోడ్లు వేసింది మా చేతులు. వాళ్ళ కాగితాల్లో మాత్రం మేము రోగం నడిచిపోయే వంతెన! కరువు తెచ్చినవాడి పేరు, కూలి ఎగ్గొట్టిన మేస్త్రి పేరు, ఆడపిల్లను అమ్మిన బ్రోకరు పేరు ఏ గ్రూపులోనూ రాయలేదు.

అందుకే మేము పరాయి దుడ్డును దేవుడని మొక్కం. 1992లో ప్రపంచ బ్యాంకు అప్పుతో జాతీయ ఎయిడ్సు కార్యక్రమం మొదటి దశ నడిచింది. 2003లో గేట్స్ ఫౌండేషన్ ఆవాహన్ పేరుతో మన రాష్ట్రంతో సహా ఆరు రాష్ట్రాల్లో దిగింది. కొన్నేండ్లకు సర్కారుకు అప్పజెప్పి పోయింది. ఇట్లాంటి పథకాల వల్ల ప్రాణాలు నిలబడినాయి, ఆ మాట దాచం. 2010 నుండి దేశంలో కొత్తగా సోకేవాళ్ళ సంఖ్య 40 శాతానికి పైగా తగ్గింది. కానీ ఈ పథకాల్లో లెక్క పెట్టింది నిరోధులు, హాజరు పట్టీలు, టార్గెట్లు. ఎకరా భూమి లెక్క పెట్టలేదు, కనీస కూలి లెక్క పెట్టలేదు. దుడ్డు వున్నన్నాళ్ళూ మీటింగులు, దుడ్డు అయిపోయినాక బోర్డులు. ప్రాజెక్టు ముగిసిందని వాళ్ళు పోతారు. రోగానికి మాత్రం ప్రాజెక్టు గడువు తెలియదు.

ఇది చూసి మన మిత్రుల్లో కొందరు "పోతే పోనీండి, సామ్రాజ్యవాది దుడ్డు, మనకెందుకు?" అంటారు. ఆ మిత్రులకు మా సమాధానం ఒక్కటే. దుడ్డు యజమానిని తిట్టే హక్కు మనకుంది. కానీ ఆ దుడ్డుతో నడిచే ఆసుపత్రి మూతపడితే పండగ చేసుకునే హక్కు ఎవరికీ లేదు. సొంత డాక్టరు, సొంత కారు వున్నవాడు సిద్ధాంతం మీద నిలబడగలడు. నల్లమాడ నుండి, గుమ్మఘట్ట నుండి మూడు బస్సులు మారి వచ్చే మనిషికి ఆ పూట మాత్ర కావాల. పాతది కూలకముందే కొత్తది కట్టమని అడగడం ఉద్యమం. కూలుతుంటే చప్పట్లు కొట్టడం ఉద్యమం కాదు.

ఇంకో మాట. కోత కోసేది అమెరికావాడు ఒక్కడే కాదు. 2014 డిసెంబరులో మన ఢిల్లీ సర్కారే ఎయిడ్సు కార్యక్రమం బడ్జెట్టును సుమారు 30 శాతం కోసి 1,300 కోట్ల రూపాయలకు దించింది. ఆ రోజుల్లో దుడ్డు పంపే దారి కూడా మార్చినారు. ఫలితంగా దేశమంతా కార్యకర్తలకు నెలల తరబడి జీతాలు రాలేదు. 2022లో దేశంలో చాలాచోట్ల మాత్రలకు కటకట వచ్చింది. నెలకు ఇవ్వాల్సిన మాత్రలు వారానికి, పది రోజులకు ఇచ్చి పంపినారు. అప్పుడు ఢిల్లీలో రోగులే జులై 21 నుండి జాతీయ ఎయిడ్సు సంస్థ ఆఫీసు ముందర కూర్చున్నారు. వానలో, ఎండలో 42 రోజులు కూర్చున్నారు. సుప్రీంకోర్టు కూడా కేంద్రానికి నోటీసు ఇచ్చింది. దొర తెల్లవాడైనా నల్లవాడైనా కోత పడేది మాత్రం ఒకే మెడ మీద. ఆ మెడ ఎవరిదో మనం చెప్పక్కర్లేదు.

2017లో పార్లమెంటు హెచ్.ఐ.వి., ఎయిడ్సు చట్టం చేసింది. 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చింది. హెచ్.ఐ.వి. వుందని పనిలో నుండి తీసేయరాదు, బడిలో నుండి పంపరాదు, ఆసుపత్రిలో వైద్యం నిరాకరించరాదు, మనిషి ఒప్పుకోకుండా సంగతి బయట పెట్టరాదు. ఇవన్నీ మంచి మాటలు. కానీ 14వ సెక్షనులో మందు ఇచ్చే చోట "సాధ్యమైనంత వరకు" అనే మాట ఇరికించినారు. ఆ ఒక్క మాటతో హక్కు కాస్తా దయ అయిపోయింది. ఓటు "సాధ్యమైనంత వరకు" ఇస్తామంటే ఒప్పుకుంటామా? మంచినీళ్ళు "సాధ్యమైనంత వరకు" ఇస్తామంటే బాబాసాహెబ్ 1927లో మహద్ చెరువు దగ్గరకు పోకుండా వుండేవాడా? రాజ్యాంగం 47వ అధికరణం ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక కర్తవ్యాల్లో ఒకటని చెప్తున్నది. ప్రాణం హక్కు 21వ అధికరణంలో వుంది. అందులో "సాధ్యమైనంత వరకు" అని ఎక్కడా లేదు.

మా జిల్లాకు ఈ గొడవ ఇంకో రూపంలో కూడా వచ్చింది. బత్తలపల్లిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఆసుపత్రిలో హెచ్.ఐ.వి. రోగులకు, క్షయ రోగులకు ఏండ్ల తరబడి వైద్యం జరుగుతున్నది. వేరేచోట మంచం మీదికి రానివ్వనివాళ్ళను అక్కడ మంచం మీద పండుకోబెట్టి చూసినారు. ఆ సంస్థ పెట్టిన ఫెర్రర్ స్పెయిన్ దేశస్థుడు. 1968లో మహారాష్ట్ర మన్మాడ్ నుండి ఆయన్ని దేశం విడిచి పొమ్మన్నారు. 1969లో తిరిగొచ్చి అనంతపురంలో నిలబడినాడు. 2009లో ఇక్కడే కన్ను మూసినాడు. ఆ సంస్థ బతికేది అమెరికా సర్కారు దుడ్డు మీద కాదు, ప్రధానంగా స్పెయిన్ మామూలు జనం పంపే చందాల మీద. అయినా 2025లో ఢిల్లీలో విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ ఆగినప్పుడు ఈ సీమ అంతా రోడ్డెక్కింది. గేరి, తండా, బోయ వీధి, పార్టీ జెండా తేడా లేకుండా నడిచినాయి.

ఒక దేశంలో ఇచ్చేవాడి చెయ్యి విరుస్తున్నారు, ఇంకో దేశంలో పుచ్చుకునేవాడి చెయ్యి పట్టి వెనక్కి లాగుతున్నారు. 2020లో ఢిల్లీ చేసిన చట్ట సవరణ ప్రకారం విదేశీ చందా పుచ్చుకున్న పెద్ద సంస్థ ఇంకో చిన్న సంఘానికి దాంట్లో నుండి ఒక్క రూపాయి పంచరాదు. దీనివల్ల దెబ్బతిన్నది ఎవరు? ఢిల్లీలో ఏసీ ఆఫీసు, ఇంగ్లీషు రాసే అకౌంటెంటు వున్నవాళ్ళు కాదు. మండలంలో రేకుల షెడ్డు కింద నడిచే రోగుల సంఘాలు, హిజ్రాల సంఘాలు, దళిత ఆడవాళ్ళ సంఘాలు. పరాయి దుడ్డు వద్దు, దేశం ఆత్మగౌరవం ముఖ్యం అంటే మంచిదే. అయితే ఆ ఆత్మగౌరవం ఖర్చు ఢిల్లీ ఖజానా నుండి పెట్టాల. మా రోగుల ప్రాణాల నుండి కాదు.

అమెరికాలో ఏం జరిగిందో కూడా మన కార్యకర్తలు తెలుసుకోవాల. అక్కడ జనమంతా ట్రంపు వెనకాల లేరు. 1987లో న్యూయార్కులో పుట్టిన యాక్ట్ అప్ సంఘం వుంది. 1992లో వాళ్ళు ఎయిడ్సుతో చచ్చిపోయిన తమవాళ్ళ చితాభస్మం తీసుకపోయి అధ్యక్షుడి భవనం పచ్చిక మీద చల్లినారు. హౌసింగ్ వర్క్స్, హెల్త్ గ్యాప్ లాంటి సంఘాలతో కలిసి వాళ్ళు 2025లో మళ్ళీ రోడ్డెక్కినారు. ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో విదేశాంగ శాఖ ఆఫీసు ముందర శవపేటికలు పేర్చినారు. పార్లమెంటు విచారణల్లో లేచి మంత్రుల మొగం మీద నినాదాలిచ్చినారు, పోలీసులు ఈడ్చుకపోతే పోయినారు. వాళ్ళల్లో చాలామంది ఆ రోగంతోనే బతుకుతున్నవాళ్ళు. ఆ దేశంలో కూడా ఈ రోగం జనాభా లెక్క మించి నల్లవాళ్ళ మీదే పడింది.

వాళ్ళు రోడ్డెక్కింది ఎవరి కోసం? ఉగాండాలో, జాంబియాలో, మన నారాయణగూడలో, తాము ఎన్నడూ చూడని మనుషుల కోసం. ఫలితం ఏమిటంటే, 2025 జులైలో సుమారు 900 కోట్ల డాలర్ల కోత బిల్లు వచ్చినప్పుడు అందులో నుండి పెప్ఫార్ మీది 40 కోట్ల డాలర్ల కోతను సెనేట్ తీసేయాల్సి వచ్చింది. పూర్తి గెలుపు కాదు. జులై 1న యు.ఎస్.ఎయిడ్ సంస్థనే మూసేసినారు. కోర్టుల సంగతీ అట్లాగే వుంది. మార్చి 5న సుప్రీంకోర్టు, అయిపోయిన పనికి దుడ్డు కట్టమన్న కింది కోర్టు ఉత్తర్వును ఆపడానికి ఒప్పుకోలేదు. అదే కోర్టు సెప్టెంబరు 26న 400 కోట్ల డాలర్ల సహాయం ఆపుకోవడానికి సర్కారుకు దారి వదిలింది. కోర్టు ఒకరోజు ఇస్తుంది, ఒకరోజు గుంజుకుంటుంది. కారంచేడు, చుండూరు కేసులు చూసిన మనకు ఇది కొత్త కాదు. రోడ్డు మీద జనం వున్నన్నాళ్ళే కాగితం మీద న్యాయం వుంటుంది.

హైదరాబాదు క్లినిక్కు కూడా 2025 మే నెలలో టాటా ట్రస్టుల చందాతో సబ్‌రంగ్ అనే పేరుతో మళ్ళీ తెరుచుకుంది. సంతోషమే. కానీ ఒక దాత పోతే ఇంకో దాత వచ్చినాడు, అంతే. దాత మనసు మారితే మళ్ళీ తాళమే గదా? ఆసుపత్రి తాళంచెవి దాత జేబులో వుండకూడదు. జనానికి జవాబు చెప్పుకునే సర్కారు దగ్గర వుండాల, ఆ సర్కారు మెడ మీద జనం చెయ్యి వుండాల.

ఇంక గేరీల్లో మాట్లాడుకోవాల్సిన మాట ఒకటుంది. టీ హోటల్లో మనకు వేరే గ్లాసు పెడితే మన నెత్తురు ఉడుకుతుంది. ఉడకాల్సిందే. అట్లాంటి గేరిలోనే హెచ్.ఐ.వి. వున్న కోడలికి వేరే తట్ట, వేరే లోటా పెట్టే ఇండ్లున్నాయి. మొగుడు చచ్చినాక "నువ్వే తెచ్చినావు" అని పుట్టింటికి తరిమినవాళ్ళున్నారు. ఒకే తట్టలో తింటే ఈ రోగం రాదు. చెయ్యి తగిలితే రాదు, బాయి నీళ్ళతో రాదు, దోమతో రాదు. ఇది అంటరానితనమే. అంటరానితనానికి మందు అంబేద్కర్ చెప్పినాడు గానీ మాత్రల రూపంలో ఏ ఆసుపత్రిలోనూ దొరకదు. దాన్ని సంఘమే నయం చేయాల. సంఘం నాయకులు ఆ ఇంటికి పోయి, ఆ చేతి నీళ్ళు తాగి, ఆ చాప మీద కూర్చోవాల. అయితే ఒక జాగ్రత్త. ఎవరికి రోగం వుందో వాళ్ళు చెప్పుకుంటే తప్ప మీటింగుల్లో పేరెత్తొద్దు. చట్టం కూడా అదే చెప్తున్నది.

ఈ పరిస్థితుల్లో మేము ప్రభుత్వాల ముందు పెడుతున్న డిమాండ్లు ఇవి:

1. పరాయి దుడ్డు తెగిన చోట పరీక్షలు చేసేవాళ్ళ, ఇంటింటికీ తిరిగే కార్యకర్తల జీతాలను కేంద్ర, రాష్ట్ర బడ్జెట్లలో చేర్చాల. నెలనెలా ఇవ్వాల.

2. 2017 చట్టం 14వ సెక్షనులోని "సాధ్యమైనంత వరకు" అనే మాట తొలగించాల. మందు ఇవ్వడం సర్కారు విధి అని రాయాల.

3. వలస పోయే కూలీలకు పోయే ముందే మూడు నెలల మాత్రలు చేతికివ్వాల. బెంగుళూరులో గానీ, కేరళలో గానీ ఏ సెంటరుకు పోయినా ప్రశ్నలు లేకుండా మందు అందాల.

4. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుండి ఆడవాళ్ళకు, ట్రాన్స్‌జెండర్లకు బస్సు ఉచితం చేసినారు. మందుకు పోయే మగ రోగులకు కూడా చార్జీ ఇవ్వాల.

5. 2024లో 4,000 రూపాయలకు పెంచిన పింఛను ఎ.ఆర్.టి. మందు వాడే బీదవాళ్ళకు ఎవరినీ తిప్పకుండా అందాల. అదే వరసలో డప్పు కళాకారులకూ, చెప్పులు కుట్టేవాళ్ళకూ ఇస్తున్నారు. మనవాళ్ళ బతుకులన్నీ ఒకే జాబితాలో వున్నాయంటే అర్థం చేసుకోండి.

6. ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాను చట్టం 2013 నుండి వుంది. ఆ నిధుల్లో నుండి హెచ్.ఐ.వి.తో బతికే దళిత, ఆదివాసీ కుటుంబాలకు భూమి, ఇల్లు, పిల్లల చదువు ఇవ్వాల. ఆ దుడ్డు రోడ్లకూ కాలవలకూ మళ్ళించడం ఆపాల.

7. ఆరు నెలలకు ఒక సూదితో హెచ్.ఐ.వి. సోకకుండా ఆపే లెనకపవిర్ అనే కొత్త మందు వచ్చింది. అమెరికాలో దాని ధర ఏడాదికి 28,000 డాలర్లకు పైనే. మన హైదరాబాదు కంపెనీలు హెటిరో, డాక్టర్ రెడ్డీస్ దాన్ని 2027 నుండి బీద దేశాలకు ఏడాదికి 40 డాలర్లకు, అంటే సుమారు మూడున్నర వేల రూపాయలకు ఇస్తామని 2025 సెప్టెంబరులో ఒప్పందాలు ప్రకటించినాయి. మన గడ్డ మీద తయారయ్యే మందు మన బిడ్డలకు ఉచితంగా అందాల.

కార్యకర్తలు ఈ పక్షం రోజుల్లో చేయాల్సిన పని కూడా చెప్తున్నాం. మీ మండలంలో పరీక్షలు జరుగుతున్నాయా, కార్యకర్తలు కొలువులో వున్నారా, జీతాలు ఎన్ని నెలలు ఆగినాయి, సెంటరులో ఎన్ని రోజులకు మాత్రలు ఇస్తున్నారు, ఈ నాలుగు సంగతులు కనుక్కోండి. పేర్లు రాయొద్దు, సంఖ్యలు రాయండి. వాటితో అర్జీ రాసి సోమవారం గ్రీవెన్సులో కలెక్టరు చేతికివ్వండి, రసీదు అడగండి. అర్జీ ఇచ్చి ఊరుకోకండి. జవాబు రాకపోతే ఇంకో సోమవారం ఇంకా ఎక్కువమందితో పోండి. రోగంతో బతికేవాళ్ళ సంఘాలు ముందు నడవాల, మనం వాళ్ళ వెనక నడవాల. ఇది వాళ్ళ మీద జాలితో చేసే పని కాదు. వాళ్ళ నోటి మాత్ర ఈరోజు గుంజినవాడు రేపు మన పిల్లోడి స్కాలర్‌షిప్పు గుంజుతాడు, ఎల్లుండి ఉపాధి కూలి గుంజుతాడు.

అమెరికాలో శవపేటికలు పేర్చిన అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు ఈ కరువు సీమ నుండి మా జై భీములు. మీరు మా కోసం మీ సర్కారును నిలదీసినారు. మేము మా సర్కారును నిలదీస్తాం. దాత కాళ్ళు పట్టుకునేదానికి పుట్టలేదు మనం. పన్ను కట్టినవాళ్ళం, చెమట కార్చినవాళ్ళం, ఊర్లు కట్టినవాళ్ళం. మన ప్రాణానికి ధర కట్టే అధికారం వాషింగ్టన్‌కూ లేదు, ఢిల్లీకీ లేదు, అమరావతికీ లేదు.

బతుకు హక్కు. మందు హక్కు. పోరాడి సాధించుకుందాం.

జై భీమ్!